దసరా సెలవుల్లో కెన్యా సఫారీ: ఎనిమిది రోజుల్లో ఎన్ని చోట్లు పెట్టుకోవాలి?

మీరు అడిగిన దాని సారాంశం ఇది. హైదరాబాద్ నుంచి ఆరుగురు బయలుదేరుతున్నారు: మీ దంపతులు, 67, 63 ఏళ్ల అమ్మానాన్నలు, 11, 6 ఏళ్ల పిల్లలు. నాన్నగారికి షుగరు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. చేతిలో ఎనిమిది రోజులున్నాయి. వేసవి సెలవుల్లో వెళ్లాలా, దసరా సెలవుల్లో వెళ్లాలా అన్నది మొదటి సందేహం. నైవాషా, నకురు, మసాయి మారా వన్యప్రాణుల రిజర్వు, అంబోసెలి చూపించి, ఆపైన సరిహద్దు దాటించి టాంజానియాలోని సెరెంగెటీ, ఎన్‌గొరొంగొరో కూడా చూపిస్తామంటున్న ట్రావెల్ ఏజెంటు ప్రణాళికకు ఒప్పుకోవచ్చా అన్నది రెండోది.

ముందుగా జవాబు చెబుతాను. దసరా సెలవుల్లో వెళ్లండి. కెన్యా ఒక్కటే చూడండి. నైరోబీ కాకుండా రెండు చోట్లు, మహా అయితే మూడు పెట్టుకోండి. మసాయి మారాలో కనీసం మూడు రాత్రులు, వీలైతే నాలుగు ఉండండి. ఆ ఏజెంటు ప్రణాళికకు మాత్రం ఒప్పుకోకండి. నేను నైరోబీలో ఉంటూ, మన రెండు రాష్ట్రాల నుంచి వచ్చే కుటుంబాలకు చాలా ఏళ్లుగా ఈ ప్రయాణాలు ఏర్పాటు చేస్తున్నాను. అసంతృప్తితో తిరిగి వెళ్లినవారిలో ఎక్కువ మంది జంతువులు కనిపించక బాధపడినవారు కారు. రోజూ పెట్టె సర్దుకుని, రోజూ ఆరేడు గంటలు రోడ్డు మీద గడిపి అలసిపోయినవారు.

కాలం సంగతి ముందు చూద్దాం. మన పిల్లలకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. కెన్యాలో మార్చి నుంచి మే దాకా పెద్ద వర్షాల కాలం; అందులోనూ ఏప్రిల్, మే నెలల్లో వానలు ఎక్కువ. మారా నేలలో చాలా భాగం మన గుంటూరు, కర్నూలు వైపు ఉండే నల్లరేగడి లాంటిదే కాబట్టి, నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనం కూడా ఆ రోజుల్లో గంటల తరబడి కూరుకుపోవచ్చు. గడ్డి నడుముదాకా పెరిగి ఉండటం వల్ల పడుకున్న సింహం పది అడుగుల దూరంలో ఉన్నా కనిపించదు. ఈ కాలంలో ధరలు బాగా తగ్గుతాయి, పర్యాటకుల రద్దీ ఉండదు, పచ్చదనం కళ్లు చెదిరేలా ఉంటుంది; ఫోటోల మీద మక్కువతో ఒంటరిగా వచ్చేవారికి నేనే మే నెల సూచిస్తుంటాను. పెద్దవాళ్లతో, ఆరేళ్ల పాపతో వచ్చే కుటుంబానికి మాత్రం సూచించను.

దసరా సెలవులు సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ మూడో వారం మధ్యలో ఎక్కడో పడతాయి. సెరెంగెటీ, మారా మైదానాలు నిజానికి ఒకే నేల. మధ్యలో దేశాల సరిహద్దు గీత మాత్రమే ఉంది. సుమారు 13 లక్షలని అంచనా వేసే వైల్డబీస్ట్‌లు (ఆవును పోలిన పెద్ద జింకలు), వాటి వెంట లక్షల కొద్దీ జీబ్రాలు, గజెల్ జింకలు వానలను అనుసరిస్తూ ఈ నేల మీద ఏడాది పొడవునా తిరుగుతుంటాయి. జనవరి నుంచి మార్చి దాకా దక్షిణ సెరెంగెటీలోని ఎన్డుటు ప్రాంతంలో ఈనుతాయి, మే, జూన్ నెలల్లో పశ్చిమ, మధ్య భాగాల మీదుగా ఉత్తరానికి కదులుతాయి, జూలై నుంచి అక్టోబర్ దాకా మారా నదికి అటూ ఇటూ ఉంటాయి, నవంబర్ చిరువానలతో మళ్లీ దక్షిణానికి మళ్లుతాయి. అందువల్ల దసరా సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో వచ్చే ఏడాదైతే మందలు మారాలో ఉండే అవకాశం చాలా ఎక్కువ. పండుగ అక్టోబర్ మూడో వారంలో పడే ఏడాది, వానలు ముందే దిగితే, మందలు తిరుగుముఖం పట్టి ఉండవచ్చు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మందలు నది దాటే దృశ్యాన్ని ఎవరూ హామీ ఇవ్వలేరు. వేల జంతువులు ఒడ్డున గుమిగూడి, మూడు గంటలు నిలబడి, ఒక్కటీ నీళ్లలో దిగకుండా వెనక్కి మళ్లిన రోజులు నేను ఎన్నో చూశాను. ఫలానా తేదీన చూపిస్తామని చెప్పే సంస్థ దగ్గర అడ్వాన్సు కట్టకండి. మారాలో ఎక్కువ రాత్రులు ఉండమని నేను పట్టుబట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి: రెండు రాత్రులుంటే మీకు దక్కేది ఒక్క పూర్తి రోజు, నాలుగు రాత్రులుంటే మూడు పూర్తి రోజులు. అయితే నది దాటడం ఒక్కటే మారా కాదు. సింహాలు, చీతాలు, చిరుతలు, ఏనుగులు, జిరాఫీలు, అడవి దున్నలు, హైనాలు అక్కడ ఏడాది పొడవునా ఉంటాయి, మందలు వెళ్లిపోయిన తరువాత కూడా.

ఏజెంటు ప్రణాళికలోని ప్రధాన లోపం సరిహద్దు. పటం మీద మారా, సెరెంగెటీ ఆనుకుని కనిపిస్తాయి కాబట్టి జీపు అటు నుంచి ఇటు వెళ్లిపోతుందని చాలామంది అనుకుంటారు. జంతువులకు ఆ దారి ఉంది గానీ పర్యాటకులకు లేదు. మీరు మారా నుంచి పడమటి వైపు వెళ్లి, ఇసెబానియా దగ్గర సరిహద్దు దాటి, సాధారణంగా అక్కడ వాహనమూ డ్రైవరూ కూడా మారి, విక్టోరియా సరస్సు వైపు నుంచి చుట్టూ తిరిగి సెరెంగెటీలోకి రావాలి. ఒక పగలంతా అందులోనే పోతుంది. టాంజానియాకు వేరే వీసా కావాలి. తూర్పు ఆఫ్రికా ఉమ్మడి పర్యాటక వీసా కెన్యా, ఉగాండా, రువాండాలకు పనికొస్తుంది గానీ టాంజానియాకు చెల్లదు. ఎన్‌గొరొంగొరో అగ్నిపర్వత బిలం లోపలి దృశ్యం అపురూపమైనది, దానిని తక్కువ చేసి చెప్పడం లేదు. దాని కోసం మరో ఏడాది అక్కడి అరూషా నగరం నుంచి మొదలుపెట్టి టాంజానియా ఒక్కటే చూడటం మంచి పద్ధతి.

రెండో లోపం అంబోసెలి. మారా నైరోబీకి పడమర దిక్కున ఉంటే అంబోసెలి ఆగ్నేయాన ఉంది. ఒకదాని నుంచి ఇంకోదానికి రోడ్డు మీద వెళ్లాలంటే నైరోబీ మీదుగా తెల్లవారి బయలుదేరి సాయంత్రానికి చేరాలి. 5,895 మీటర్ల కిలిమంజారో కొండ ముందు ఏనుగుల గుంపు నడుస్తూ పోయే దృశ్యం మీ ఇంట్లో ఎవరి చిరకాల కోరికైనా అయితే నైవాషా, నకురులను వదిలేసి అంబోసెలికి రెండు రాత్రులు ఇవ్వండి. ఆ కొండ సాధారణంగా తెల్లవారుజామున, సూర్యాస్తమయ వేళ మాత్రమే మబ్బు విడిచి కనిపిస్తుంది కాబట్టి ఒక్క రాత్రితో సరిపెట్టుకుంటే నిరాశ మిగలవచ్చు.

మీ కుటుంబానికి నేను వేసే ప్రణాళిక ఇలా ఉంటుంది. మొదటి రోజు నైరోబీ చేరి విశ్రాంతి. రెండో రోజు ఉదయం టిఫిను చేసి నైవాషాకు ప్రయాణం; సుమారు 90 కిలోమీటర్లు, రెండు గంటలు పడుతుంది. సాయంత్రం సరస్సులో పడవ మీద నీటిగుర్రాలను, డేగలను చూడవచ్చు, అమ్మానాన్నలకు ఇందులో ఏ శ్రమా ఉండదు. అక్కడే రెండు రాత్రులు ఉండి, మూడో రోజు పొద్దున్నే నకురు ఉద్యానవనానికి వెళ్లి రావచ్చు. నకురు ఖడ్గమృగాలకు మంచి చోటు, నల్లవీ తెల్లవీ రెండూ ఉన్నాయి. పాత ఫోటోల్లో కనిపించే లక్షలాది ఫ్లెమింగోల కోసం మాత్రం అక్కడికి వెళ్లకండి. సరస్సు నీటిమట్టం పెరిగాక అవి చాలావరకు బొగోరియా వంటి ఇతర సరస్సులకు తరలిపోయాయి. నాలుగో రోజు నైవాషా నుంచి నారోక్ మీదుగా మారాకు రోడ్డు ప్రయాణం. మధ్యలో భోజనానికి ఆగడంతో కలిపి అయిదారు గంటలు అనుకోండి. నాలుగు, అయిదు, ఆరు రోజుల రాత్రులు మారాలో గడిపి, ఏడో రోజు ఉదయం డ్రైవ్ (వాహనంలో తిరుగుతూ జంతువులను చూడటం) ముగించుకుని చిన్న విమానంలో నైరోబీకి రండి. ఆ రాత్రి నైరోబీలో ఉండి ఎనిమిదో రోజు ఇంటికి బయలుదేరవచ్చు. నాలుగో రాత్రి కూడా మారాకే ఇవ్వదలిస్తే నైవాషాలో ఒక రాత్రి తగ్గించి, నకురు ఆలోచన మానేయండి.

తిరుగు ప్రయాణానికి విమానం ఎందుకంటే, వెళ్లేటప్పుడు ఉన్న ఉత్సాహం వచ్చేటప్పుడు ఉండదు, పెద్దవాళ్ల నడుములు అప్పటికే అలసిపోయి ఉంటాయి. మారాలోని మట్టి రన్‌వేల నుంచి నైరోబీలోని విల్సన్ విమానాశ్రయానికి సుమారు గంట పడుతుంది, మధ్యలో ఒకటి రెండు చోట్ల దిగి లేవడం మామూలే. మీ అంతర్జాతీయ విమానం ఎక్కేది మాత్రం జోమో కెన్యాట్టా విమానాశ్రయంలో. రెండూ వేర్వేరు, మధ్యలో నగర ట్రాఫిక్ ఉంటుంది. కాబట్టి రెండు విమానాల మధ్య కనీసం అయిదారు గంటలు ఉంచుకోండి. చిన్న విమానంలో చేతిసంచితో కలిపి మనిషికి 15 కిలోలు మాత్రమే అనుమతిస్తారు, అదీ మెత్తటి సంచుల్లో. గట్టి సూట్‌కేసులను మీ డ్రైవర్ తన వాహనంలో వెనక్కి తీసుకొస్తాడు. అయితే ఈ ఏర్పాటు ముందే ఒప్పందంలో రాయించుకోండి.

ఖర్చు విషయంలో అందరినీ తికమక పెట్టేది మారా ప్రవేశ రుసుము. 2024 నుంచి విదేశీ పెద్దలకు జనవరి–జూన్ మధ్య రోజుకు 100 డాలర్లు, జూలై–డిసెంబర్ మధ్య 200 డాలర్లు. 9 నుంచి 17 ఏళ్ల పిల్లలకు 50 డాలర్లు, అంతకన్నా చిన్నవారికి ఉచితం. మీ నలుగురు పెద్దలకు, పెద్ద పిల్లకు కలిపి రోజుకు 850 డాలర్లవుతుంది. ఈ టికెట్టు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా, అంటే 12 గంటలకే చెల్లుతుంది. గేటు బయట బస చేసేవారు మధ్యాహ్నం నాలుగింటికి చేరి, రెండు గంటల డ్రైవ్ కోసం లోపలికి వెళితే ఆ రెండు గంటలకూ పూర్తి రుసుము పడుతుంది. కాబట్టి చేరిన రోజు సాయంత్రం లోపలికి వెళ్లకుండా విశ్రాంతి తీసుకోండి, మర్నాడు తెల్లవారి గేటు తెరిచేసరికి అక్కడ ఉండండి. రిజర్వు లోపలి లాడ్జీలో ఉండేవారు చివరి రోజు ఉదయం 10 గంటలలోపు గేటు దాటాలి, లేకపోతే మరో రోజు రుసుము కట్టాలి. ధరలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేనాటి ధరను నారోక్ కౌంటీ (మారాను నిర్వహించే స్థానిక ప్రభుత్వం) ప్రకటనలో సరిచూసుకుని, ప్యాకేజీలో ఎన్ని రోజుల రుసుము కలిపారో లిఖితపూర్వకంగా అడగండి. రెండు ప్యాకేజీల ధరల్లో పెద్ద తేడా కనిపించినప్పుడు దాని మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

బడ్జెట్ కొంత పెంచుకోగలిగితే రిజర్వును ఆనుకుని ఉన్న కన్సర్వెన్సీల్లో ఉండటం గురించి ఆలోచించండి. నబోయిషో, ఓలారె మొటొరొగి, మారా నార్త్ వంటివి మసాయి కుటుంబాల సొంత భూములు; వాటిని క్యాంపులు కౌలుకు తీసుకుని నెలనెలా ఆ కుటుంబాలకు డబ్బు చెల్లిస్తాయి. పడకల సంఖ్యకు పరిమితి ఉండటం వల్ల వాహనాలు తక్కువ, రాత్రి డ్రైవ్‌కూ అనుమతి ఉంటుంది. నది ఒడ్డున ఒక సింహం చుట్టూ ఇరవై వాహనాలు మూగిన దృశ్యం చూసినవారికి ఈ ప్రశాంతత విలువ అర్థమవుతుంది. వేటాడే జంతువు దగ్గర ఒకేసారి అయిదు వాహనాలకు మించి ఉండకూడదని మారాలో నియమం ఉంది. రద్దీ రోజుల్లో దానిని అందరూ పాటించరు. మీ డ్రైవర్‌తో మొదటి రోజే చెప్పండి, దూరంగా ఆగినా మాకు ఫరవాలేదని. ఆ ఒక్క మాటతో అతని మీద ఒత్తిడి తగ్గుతుంది, జంతువులకూ మేలు జరుగుతుంది.

వాహనం విషయంలో రాజీ పడకండి. పైకప్పు లేచే ల్యాండ్ క్రూజర్‌ను మీ కుటుంబానికే ప్రత్యేకంగా మాట్లాడుకోండి. వ్యాను చవకే గానీ గతుకుల్లో నడుము విరుగుతుంది. వెనక వరుసలో కుదుపు ఎక్కువ కాబట్టి అమ్మానాన్నలను ముందు వరుసల్లో కూర్చోబెట్టండి. నాన్నగారు మోకాళ్ల వల్ల నిలబడలేకపోయినా, కిటికీ పక్కన సీటు ఇస్తే కూర్చునే అన్నీ చూడగలరు. ల్యాండ్ క్రూజర్ మెట్టు ఎత్తుగా ఉంటుంది, చిన్న పీట ఒకటి వాహనంలో పెట్టించమని అడగండి. రిజర్వు లోపల మరుగుదొడ్లు గేట్ల దగ్గర, రన్‌వేల దగ్గర తప్ప దాదాపు ఉండవు. షుగరు ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. అందుకే ఉదయం మూడు నాలుగు గంటలు, సాయంత్రం రెండు గంటలు తిరిగి, మధ్యాహ్నం లాడ్జీలో విశ్రాంతి తీసుకునే పద్ధతి మీకు సరిపోతుంది. పూర్తి రోజు డ్రైవ్ ఒక్క రోజుకు పెట్టుకుంటే చాలు, ఆ రోజు అమ్మానాన్నలు లాడ్జీలో ఉండిపోతామన్నా నిశ్చింతగా వదిలి వెళ్లవచ్చు. వేడిగాలి బెలూన్ మనిషికి సుమారు 450 నుంచి 500 డాలర్లు. దిగేటప్పుడు బుట్ట గట్టిగా కుదుపుతుంది కాబట్టి నాన్నగారికి వద్దు. ఆరేళ్ల పాపను చాలా సంస్థలు ఎక్కించుకోవు.

ఇప్పుడు అన్నిటికన్నా ముందు మొదలుపెట్టవలసిన పని: ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా ఈ వ్యాధి ఉన్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి, అక్కడి నుంచి తిరిగి వచ్చేవారి దగ్గర భారత ప్రభుత్వం టీకా ధ్రువపత్రం అడుగుతుంది. లేనివారిని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్యాధికారికి ఉంది. టీకా వేయించుకున్న 10 రోజుల తరువాతే ధ్రువపత్రం చెల్లుబాటు అవుతుంది. 2016 నుంచి ఒక్క మోతాదు జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో దీనిని వేస్తారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రం ఇచ్చిన ధ్రువపత్రమే చెల్లుతుంది.

మీ ఇంట్లో దీనికి ఒక చిక్కు ఉంది. 60 ఏళ్లు దాటినవారు ఈ టీకాను మొదటిసారి వేయించుకుంటే తీవ్రమైన దుష్ప్రభావాల అవకాశం, అరుదే అయినా, మిగతావారికన్నా ఎక్కువ. అందుచేత అమ్మానాన్నల విషయంలో, ముఖ్యంగా షుగరుకు తోడు వేరే జబ్బులూ మందులూ ఉంటే, వారిని ఎప్పుడూ చూసే వైద్యుడితో మాట్లాడకుండా విమానం టికెట్లు కొనవద్దు. కోడిగుడ్డు అలర్జీ ఎవరికైనా ఉంటే అది కూడా చెప్పాలి. టీకా వద్దని వైద్యుడు లేఖ ఇస్తే, ఆ లేఖతో తిరుగు ప్రయాణంలో ఏం చేస్తారో విమానాశ్రయ ఆరోగ్య కార్యాలయాన్ని ముందే రాతపూర్వకంగా అడిగి జవాబు తెప్పించుకోండి. వరంగల్ నుంచి రావలసిన ఒక కుటుంబం టికెట్లన్నీ కొన్నాక ఈ సంగతి తెలుసుకుని, తాతగారిని ఇంట్లో వదిలి రావలసి వచ్చింది. ప్రయాణమంతా వాళ్ల మనసు ఇంటి మీదే ఉండిపోయింది.

మలేరియా సంగతి కూడా అదే వైద్యుడిని అడగండి. నైరోబీ ఎత్తయిన చోటు కాబట్టి అక్కడ ప్రమాదం తక్కువ, మారాలో ఉంది. నివారణ మాత్రలు వయసును, బరువును బట్టి మారతాయి. పెద్దలకు ఇచ్చే డాక్సీసైక్లిన్‌ను ఎనిమిదేళ్లలోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. సాయంత్రం కాగానే పొడుగు చేతుల బట్టలు, దోమల మందు తప్పనిసరి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు మారుమూల నుంచి విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చూడండి. నైరోబీలోని ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ కూడా పర్యాటకులకు కొద్ది రోజులకు ఇటువంటి రక్షణ ఇస్తుంది, చాలా సంస్థలు దానిని ప్యాకేజీలోనే కలుపుతాయి.

కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా బదులు ఈ-టీఏ అనే ఆన్‌లైన్ అనుమతి వచ్చింది. పిల్లలతో సహా ప్రతి ఒక్కరికీ విడివిడిగా కావాలి. ప్రభుత్వ వెబ్‌సైటులోనే దరఖాస్తు చేయండి; అదే పేరును పోలిన ప్రైవేటు సైట్లు రెట్టింపు వసూలు చేస్తాయి.

సామాన్ల విషయంలో మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. ఆఫ్రికా అనగానే ఎండ అనుకుని స్వెట్టర్లు తేరు. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైన ఉంది, తెల్లవారి డ్రైవ్‌లో పైకప్పు తెరిచిన వాహనంలో పిల్లలు వణికిపోతారు. ప్లాస్టిక్ క్యారీబ్యాగులు తేవద్దు. 2017 ఆగస్టు నుంచి కెన్యాలో వాటి మీద నిషేధం ఉంది, 2020 జూన్ నుంచి ఉద్యానవనాల్లోకి ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసాలు కూడా తీసుకెళ్లకూడదు. పచ్చళ్లు, పొడులు, జంతికలు కవర్లలో చుట్టకుండా మూత గట్టిగా పట్టే డబ్బాల్లో సర్దండి. సైనిక దుస్తులను పోలిన మచ్చల బట్టలు అక్కడ చట్టవిరుద్ధం, పిల్లల బట్టల్లో అవి ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి చూసుకోండి. డ్రోన్ ఇంట్లోనే వదలండి. బైనాక్యులర్ కనీసం రెండు తెచ్చుకోండి. ఆరుగురికి ఒక్కటే ఉంటే అది చేతులు మారేలోపు చిరుత చెట్టు దిగిపోతుంది. డాలరు నోట్లు 2013 తరువాత ముద్రించినవే తీసుకోండి, పాతవాటిని చాలాచోట్ల నిరాకరిస్తారు.

శాకాహారం గురించి బెంగ వద్దు. కెన్యాలో భారత సంతతివారు తరతరాలుగా ఉన్నారు, చపాతీ అక్కడి ఇళ్లలోనూ రోజువారీ తిండి. పప్పు, అన్నం, కూరగాయలు దాదాపు ప్రతి లాడ్జీలో దొరుకుతాయి. గుడ్డు కూడా తినకపోతే ఆ విషయం బుకింగులోనే రాయించండి, తెల్లవారి డ్రైవ్‌కు కట్టి ఇచ్చే డబ్బాల్లో ఉడికించిన గుడ్డు తప్పకుండా ఉంటుంది.

చివరగా సంస్థ ఎంపిక. కెన్యా టూర్ ఆపరేటర్ల సంఘమైన కేటోలో సభ్యత్వం ఉందా, గైడుకు కెన్యా ప్రొఫెషనల్ సఫారీ గైడ్స్ అసోసియేషన్ కాంస్య, రజత, స్వర్ణ శ్రేణుల్లో ఏదైనా ఉందా అని అడగండి. జూలై–అక్టోబర్ మధ్య మంచి క్యాంపులు చాలా ముందే నిండిపోతాయి కాబట్టి దసరాకు ఎనిమిది, తొమ్మిది నెలల ముందే గదులు పట్టుకోవాలి. వరుస ఇలా పెట్టుకోండి: మొదట వైద్యుడి సలహా, తరువాత మారాలో గదులు, ఆ తేదీలను బట్టి అంతర్జాతీయ విమానాలు, ఆపైన టీకాలు, ఆఖరున ఈ-టీఏ. విమానాలు హైదరాబాద్ నుంచి ముంబై మీదుగా గానీ, దుబాయ్, దోహాల మీదుగా గానీ ఉంటాయి. పెద్దవాళ్లకు వేచి ఉండే సమయం తక్కువగా ఉన్నదే తీసుకుని, నాన్నగారికి టికెట్టుతో పాటే చక్రాల కుర్చీ కోరండి. మీ ఏజెంటు ప్రణాళికను సవరించి మళ్లీ పంపితే, లాడ్జీల పేర్లు, ప్రతి రోజు రోడ్డు మీద గడిపే గంటలు, రుసుము కలిపిన రోజులు చేర్చి ఇక్కడే పెట్టండి. చూసి చెబుతాను.